ఈజిప్టులో నగీబ్ సవిరిస్ పెట్టిన పార్టీ చివరికి ఆయన్నే ఎందుకు బహిష్కరించింది?

సూటిగా చెప్పాలంటే, పార్టీకి డబ్బు పోశాడు కానీ దాని మీద తన పట్టు అనే పలుపు మొత్తం పార్టీ ధర్మకర్తల మండలి అనే ఒకే కట్టుకొయ్యకు కట్టాడు. గెలిచినవాళ్లు ఆ కొయ్యనే పీకేశారు.

సవిరిస్ కాప్టిక్ (ఈజిప్టు ప్రాచీన చర్చికి చెందిన) క్రైస్తవుడు, అప్పట్లో ఒరాస్కామ్ టెలికాం అధిపతి. (2005లో మన హచ్ మాతృసంస్థలో 19.3 శాతం వాటా కొన్నది ఈ ఒరాస్కామే.) 2011 జనవరి 25న అధ్యక్షుడు ముబారక్ మీద తిరుగుబాటు మొదలయ్యాక, ఆందోళనకారులకూ ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్‌కూ మధ్య రాయబారం నడిపిన పెద్దమనుషుల కమిటీలో ఆయనా ఉన్నాడు. ఏప్రిల్‌లో ‘అల్ మస్రియీన్ అల్ అహ్రార్’, అంటే స్వేచ్ఛా ఈజిప్షియన్లు అనే లిబరల్ పార్టీని ప్రకటించాడు.

అక్కడ పార్టీ రిజిస్ట్రేషన్ మనలా 100 మందితో అయ్యేది కాదు. 2011 మార్చి చట్టం ప్రకారం 5,000 మంది వ్యవస్థాపక సభ్యులు కావాలి. వాళ్లు కనీసం 10 గవర్నరేట్ల (అక్కడి పాలనా ప్రాంతాల) నుంచి, ఒక్కోచోట 300కు తగ్గకుండా ఉండాలి. సంతకాలకు నోటరీ, పైగా ఆ పేర్లన్నీ పార్టీ ఖర్చుతో పత్రికల్లో ప్రచురించాలి. సవిరిస్‌కు ఇదో లెక్క కాదు. తహ్రీర్ చౌక్‌లో లాఠీ దెబ్బలు తిన్న కుర్రాళ్ల పార్టీలకు మాత్రం ఇదే పెద్ద గండం.

తొలి దెబ్బ జూన్‌లో తగిలింది. మిక్కీ మౌస్‌కు గడ్డం, మిన్నీకి నికాబ్ (ముఖం కప్పే ముసుగు) పెట్టిన బొమ్మను ట్విటర్‌లో సరదాగా పంచుకున్నాడు. ఇస్లాంను వెక్కిరించాడని గొడవ రేగింది, క్షమాపణ చెప్పినా ఆగలేదు. ఆయన మొబైల్ కంపెనీ మొబినిల్‌ను బహిష్కరించమని ప్రచారం మొదలైంది, కోర్టులో కేసులు పడ్డాయి. 2012లో కోర్టులు వాటిని కొట్టేశాయి గానీ, అప్పటికే 2011-12 పార్లమెంటు ఎన్నికల పోలింగ్ ముగిసింది. వ్యాపారి రాజకీయాల్లోకి వస్తే ఓటరుకు కోపమొచ్చినా సిమ్ కార్డు మీదే పడుతుంది.

ఆ ఎన్నికల్లో ఎన్నికయ్యే సీట్లు 498. అందులో 332 పార్టీ జాబితాలకు (ఓటు పార్టీకే), 166 వ్యక్తిగత స్థానాలకు. సగం సీట్లు కార్మికులకో రైతులకో దక్కాలన్న పాత నిబంధన అలాగే ఉంది. కైరో చదువరుల పార్టీకి ఊళ్లలో రైతు అభ్యర్థులు ఎక్కడ దొరుకుతారు? మరో రెండు పార్టీలతో కలిసి ‘ఈజిప్షియన్ కూటమి’గా పోటీ చేశారు. గుర్తు కన్ను. ఇస్లామిక్ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ పార్టీది త్రాసు, మరింత ఛాందసులైన సలఫీల నూర్ పార్టీది లాంతరు. ప్రత్యర్థులు మసీదుల దగ్గర ఇది చర్చి పార్టీ అని ప్రచారం చేశారు. బ్రదర్‌హుడ్ కూటమికి 235 సీట్లొస్తే వీళ్లకు 34 చుట్టూ, అవీ దాదాపు అన్నీ జాబితాల నుంచే. పేరు చూసి ఓటేసే వ్యక్తిగత స్థానాల్లో టీవీ ప్రకటన పనిచేయదు, వీధిలో మనిషి కావాలి.

2012 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పార్లమెంటునే రద్దు చేసింది. 2013లో బ్రదర్‌హుడ్ నుంచి ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీ దిగిపోవాలంటూ ‘తమర్రుద్’ అనే ఉద్యమం సంతకాలు సేకరిస్తే, సవిరిస్ తన పార్టీ కార్యాలయాలు ఇచ్చాడు. జులై 3న సైన్యం మోర్సీని దించింది. లిబరల్ అన్న పేరుకు అసలు మచ్చ ఇక్కడే పడిందని నా అభిప్రాయం. కాదనేవాళ్లూ చాలామందే.

2015లో పాఠం తలకిందులుగా నేర్చుకున్నారు. ఈసారి 448 సీట్లు వ్యక్తిగతమే కాబట్టి, సొంత ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లకు టికెట్లిచ్చారు. 65 సీట్లతో పార్టీల్లో మొదటి స్థానం వచ్చింది. కానీ అలా గెలిచినవాడు సవిరిస్ మాట ఎందుకు వింటాడు? పార్టీ అధ్యక్షుడు ఎస్సాం ఖలీల్ వర్గం ప్రభుత్వం వైపు మొగ్గింది. సవిరిస్ 2016లోనే తన ఓఎన్‌టీవీని అమ్మేశాడు. సొంత ఛానల్ ఉన్న నాయకుడికి ఉండే బలం ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు, ఆయనకు అది కూడా పోయింది. ఆ డిసెంబరులో పార్టీ మహాసభ, సవిరిస్ పట్టంతా ఉన్న ధర్మకర్తల మండలిని రద్దు చేసింది. ఇక ఆయన మామూలు సభ్యుడు. మామూలు సభ్యుణ్ని క్రమశిక్షణ పేరుతో పంపేయడం ఎంతసేపు? 2017 ఫిబ్రవరిలో పంపేశారు.