ఒకవైపు దవడ ఉబ్బింది, బయాప్సీలో "కండర పోగులు లావయ్యాయి" అని వచ్చింది. ఇది ట్యూమరా?

కాదు. మీరు రాసినదాన్ని బట్టి పోగులు లావయ్యాయి, వాపు కణాలు లేవు, ట్యూమర్ కణాలు లేవు. ఈ మూడూ కలిస్తే మంచి కబురే. నాకూ ఎడమ దవడ మూల ఇలాగే ఉబ్బింది. నొప్పి లేదు, కానీ అద్దంలో చూసినప్పుడల్లా టెన్షన్.

నా డెంటిస్ట్ ముందు చేసింది చాలా చిన్న పరీక్ష. వేళ్లు దవడ మూల మీద పెట్టి పళ్లు గట్టిగా బిగించమన్నారు. ఉబ్బు రాయిలా గట్టిపడింది, వదలగానే మెత్తబడింది. అంటే ఉబ్బింది మాసెటర్ అనే నమిలే కండరం. లాలాజల గ్రంథిలో గడ్డయితే సాధారణంగా ఇలా మారదు. కండరం లోపలే రక్తనాళాల గడ్డ ఉన్నా బిగించినప్పుడు పొంగవచ్చు కాబట్టి స్కానింగ్ మాత్రం మానకూడదు. నాకు అల్ట్రాసౌండ్‌తోనే తేలిపోయింది, ముక్క తీయాల్సిన పని పడలేదు.

ఇక మీ రిపోర్టు సంగతి. ఇక్కడ పోగుల సంఖ్య పెరగదు, ఒక్కో పోగు మందమవుతుంది, వ్యాయామంతో చేతి కండ పెరిగినట్టే. మైక్రోస్కోప్‌లో పోగుల మీద కనిపించే అడ్డచారలు మామూలుగానే ఉంటాయి, కేంద్రకాలు పోగు అంచునే ఉంటాయి. అలా కాకుండా కేంద్రకాలు చాలా పోగుల్లో మధ్యకు జరగడం, కొన్ని పోగులు చచ్చిపోవడం, వాటి చోట కొవ్వో పీచో చేరడం కనిపిస్తే అది కండర జబ్బు కావచ్చు. అప్పుడు న్యూరాలజిస్ట్ చూడాలి. ఇంకో మెలిక ఏమిటంటే, ఈ కండరంలో టైప్ 2 పోగులు (వేగంగా ముడుచుకునే రకం) మామూలుగానే సన్నగా ఉంటాయి. చేతులు, కాళ్ల కండరాలు చూసి అలవాటైన కంటికి అవి కృశించినట్టు అనిపించవచ్చు. ముక్క ఏ కండరం నుంచి తీశారో రాసి పంపారా అని ఒకసారి అడగండి.

1880లో లెగ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు పదేళ్ల పాపలో ఇలా మాసెటర్ లావవడాన్ని వర్ణించారు. ఇప్పటికీ చాలామందిలో కారణం దొరకదు. నిద్రలో పళ్లు కొరకడం, ఒకేవైపు నమలడం, చూయింగ్ గమ్, పళ్లు సరిగా కలవకపోవడం మీద అనుమానం ఎక్కువ. నా కోరపళ్ల మొనలు అరిగి చదునయ్యాయి, బుగ్గ లోపల పళ్లు కలిసే చోట తెల్లటి గీత పడింది. పగలు కంప్యూటర్ ముందు కూడా పళ్లు బిగపడుతున్నానని అప్పుడే తెలిసింది. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం విడిగా ఉండాలి. చెప్పడానికి తేలికే గానీ అలవాటు కావడానికి నెలలు పట్టింది. రాత్రి పెట్టుకునే స్ప్లింట్ (పళ్ల తొడుగు) పళ్లను కాపాడుతుంది, కండరం తగ్గుతుందన్న గ్యారంటీ లేదు.

1994 నుంచి దీనికి బొటాక్స్ (కండరాన్ని కొంతకాలం బలహీనపరిచే ఇంజెక్షన్) వాడుతున్నారు. కొన్ని వారాల్లో కండరం సన్నబడుతుంది, కొన్ని నెలలకు ప్రభావం పోతుంది. గట్టివి నమిలితే అలసట రావచ్చు, మందు పక్కకు పాకితే నవ్వు వంకర పోవచ్చు. నేనైతే వేయించుకోలేదు. ముఖ నరం దగ్గరే ఉంటుంది కాబట్టి కండరం కోసి తీసే ఆపరేషన్ అందం కోసమే అయితే నేను ఒప్పుకోను.

ఉబ్బు వేగంగా పెరిగినా, వదిలినప్పుడు కూడా మెత్తబడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, ముఖం ఒకపక్క బలహీనపడినా, తినేటప్పుడే ఉబ్బినా ఈ రిపోర్టు ఉంది కదా అని ఊరుకోకుండా మళ్లీ చూపించుకోండి.