గడియారాల బాధ్యత చేపట్టిన మేనకోడలికి

సీతమ్మధార, విశాఖపట్నం

అమ్మాయీ,

మేనమామ ఆశీస్సులు. కంట్రోల్ రూమ్‌లో సర్వర్లతో పాటు గడియారాల బాధ్యత కూడా నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఈ పని మీదే గడిచింది కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ప్రపంచానికంతటికీ సమయం చెప్పే ఒకే ఒక్క మహా గడియారం ఎక్కడా లేదు. వివిధ దేశాల ప్రయోగశాలల్లో వందలాది పరమాణు గడియారాలు నడుస్తుంటాయి. వాటి లెక్కలన్నీ పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థకు చేరతాయి. నలుగురు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పినట్లే అక్కడా జరుగుతుంది: నిలకడగా నడిచే గడియారం మాటకు ఎక్కువ విలువ, తడబడేదానికి తక్కువ. అలా తేలిన సగటే మనం రోజూ వాడే యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి, పునాది. ఏ ప్రయోగశాల గడియారం ఎన్ని నానోసెకన్లు ముందుందో, వెనకుందో ఆ సంస్థ నెలకోసారి ప్రకటిస్తుంది. మన దేశ కాలాన్ని నిలబెట్టే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కూడా ఆ పట్టికలో తన తేడా చూసుకుంటుంది. అంతటి చోటే ఒక్క గడియారాన్ని నమ్మి కూర్చోరు. నువ్వూ కూర్చోకు.

కాబట్టి నీ సర్వర్లకు సమయం చెప్పే ఆధారాలు కనీసం నాలుగు చూపించు. ఒక్కటే ఉంటే అది చెప్పిందే వేదం అవుతుంది. రెండుంటే, తేడా వచ్చిన రోజున తప్పు దేనిదో తేలదు. మూడుంటే కలిసిన రెండింటి మాట పట్టుకుని మూడోదాన్ని పక్కన పెట్టవచ్చు. నాలుగోది, వాటిలో ఒకటి మూగబోయిన రోజు కోసం. సమయం అందించే సర్వర్లలో వీలైనంత దగ్గరివే ఎంచుకో. నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ పద్ధతి, రానుపోను పట్టిన సమయాన్ని సగం చేసి లెక్క కడుతుంది. వెళ్లే దారి ఒకలా, వచ్చే దారి ఇంకోలా ఉంటే ఆ సగం తప్పుతుంది.

సెకన్ల కోసం ఇంత పట్టుదల ఎందుకని నీ పైవాళ్లు అడుగుతారు. వాళ్లకు ఈ సంగతి చెప్పు. ఒక కర్మాగారంలో అర్ధరాత్రి దాటాక నీళ్ల పంపు ఆగిపోయింది. పంపు ఆగినట్లు దాని లాగ్‌లో, అంటే యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టాలో, 2:14:07 అని ఉంది. బ్రేకర్ తెరుచుకున్నట్లు విద్యుత్ ప్యానెల్ లాగ్‌లో 2:14:09 అని ఉంది. కాగితం మీద చూస్తే పంపు ముందు ఆగింది, కరెంటు తర్వాత పోయింది. దాంతో పంపు విప్పి బేరింగులన్నీ పరీక్షించారు. ఏ లోపమూ లేదు. చివరికి తేలిందేమిటంటే, ప్యానెల్ గడియారం మూడు సెకన్లు ముందు నడుస్తోంది. బ్రేకర్ అసలు తెరుచుకున్నది 2:14:06కే. కారణం కాస్తా ఫలితంగా కనిపించింది. మామూలు క్వార్ట్జ్ గడియారం పది లక్షల్లో 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా వచ్చేస్తుంది. ఏసీ ఆగిన గదిలో దాని నడక ఇంకా మారిపోతుంది.

తేడా కనిపించగానే చేత్తో దిద్దాలని తొందరపడకు. ముఖ్యంగా వెనక్కి తిప్పకు. తిప్పితే ఒకే సమయం లాగ్‌లో రెండుసార్లు వస్తుంది, ఏది ముందో ఇక ఎవరూ చెప్పలేరు. చిన్న తేడాలను ఎన్‌టీపీ సెకనుకు అర మిల్లీసెకనుకు మించకుండా సర్దుతుంది. ఒక సెకను అలా నెమ్మదిగా సర్దుకోవాలంటే అరగంట పైనే పడుతుంది. పట్టనీ.

లాగులన్నీ యూటీసీలోనే రాయించు, మనుషులు చూసే తెర మీద మాత్రం మన సమయం చూపించు. ఇందులో ఒక చిక్కుంది. యూటీసీలో తేదీ మారేది మనకు తెల్లవారుజామున 5:30కి. అంటే రాత్రి షిఫ్టు ఆఖరి ఘడియలు మరుసటి రోజు ఫైల్లోకి వెళతాయి. షిఫ్టు వాళ్లకు ఇది ముందే వివరించు, లేకపోతే లాగ్ పోయిందని కంగారు పడతారు.

అన్నట్టు, భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరగానే వెళుతుంది. విశాఖ దానికి ఇంకాస్త తూర్పున ఉంది కాబట్టి సూర్యుడి లెక్కన మనం మూడు నిమిషాలు ముందున్నాం. 1840లో డాబా గార్డెన్స్‌లో వేధశాల స్థాపించిన గోడే వెంకట జగ్గారావు గారు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా సంకేతంతో ఊరికి సమయం తెలియజేసే ఏర్పాటు చేశారు. గడియారాలు చూసుకోవడం చిన్న పని అని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పు.

ఇక లీపు సెకను. భూమి తిరుగుడుతో యూటీసీని కలిపి ఉంచడానికి 1972 నుంచి ఇప్పటికి 27 సార్లు ఒక సెకను కలిపారు. ఆఖరిది మనకు 2017 జనవరి 1న తెల్లవారుజామున, 5:30కి ముందు వచ్చింది. 2012లో కలిపినప్పుడు చాలా లినక్స్ సర్వర్లు స్తంభించిపోయాయి. 2035 నాటికి ఈ పద్ధతిని ఆపాలని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. అయినా ఒక జాగ్రత్త తప్పదు: కొన్ని సంస్థల సర్వర్లు ఆ సెకనును రోజంతా పలచగా పంచుతాయి, మిగిలినవి ఒక్కసారే కలుపుతాయి. ఈ రెండు రకాలనూ ఒకే జాబితాలో కలపకు.

ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే జీపీఎస్ రిసీవర్ పాతదైతే దాని సాఫ్ట్‌వేర్ తేదీ చూడు. జీపీఎస్ వారాల లెక్క 1023 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా వచ్చింది, 2038 నవంబరులో మళ్లీ వస్తుంది. యాంటెన్నా కనెక్టర్లను మన ఉప్పుగాలి తినేస్తుంది, పచ్చగా చిలుము పట్టిందేమో వేసవి చివర్లో విప్పి చూడు. అక్టోబరు తుపానుల లోపే బిగింపులన్నీ సరిచూసి, కొత్త టేపు చుట్టించు. పైకప్పు ఎక్కేటప్పుడు ఒక్కదానివే వెళ్లకు, తోడు తీసుకెళ్లు.

మీ మామయ్య