టి-స్కోర్ మైనస్ 2.2: మందు మొదలుపెట్టాలా, ఆగాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 66 ఏళ్లు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో తుంటి దగ్గర టి-స్కోర్ మైనస్ 2.2, నడుము దగ్గర మైనస్ 1.3 వచ్చాయి. ఒక డాక్టర్ "ఇది ఇంకా ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కాదు, కాల్షియం వేసుకుంటే చాలు" అన్నారు. ఇంకొకరు మందు మొదలుపెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?

మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. స్కాన్‌లో నాకు వచ్చిన అంకె మీ అమ్మగారి అంకె కంటే నయం. తుంటి దగ్గర మైనస్ 1.9. అయినా నేను మందు వాడుతున్నాను. మా చెల్లెలికి మైనస్ 2.3 వచ్చింది, తనకు ప్రస్తుతానికి మందు అక్కర్లేదన్నారు. ఈ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది.

ముందు మీరే ఒక సంగతి కనుక్కోవాలి. 50 దాటాక అమ్మగారికి ఎప్పుడైనా ఎముక విరిగిందా? మీరు స్కోర్లు రెండూ రాశారు కానీ ఇది రాయలేదు. యాక్సిడెంట్లో విరిగింది లెక్కలోకి రాదు. నడుస్తూ నడుస్తూ జారిపడితేనో, కాలు తట్టుకుని పడితేనో విరిగిన మణికట్టు, భుజం, తుంటి, వెన్నుపూస, ఇవి ముఖ్యం. గట్టి ఎముక ఆ మాత్రం దెబ్బకు విరగదు. అలా ఒకసారి విరిగిందంటే మళ్లీ విరిగే ముప్పు బాగా పెరిగినట్టే, అందులోనూ మొదటి రెండేళ్లు మరీ ఎక్కువ. స్కాన్ అంకె ఎంతున్నా సరే, తుంటి గానీ వెన్నుపూస గానీ ఇలా విరిగి ఉంటే చాలామంది డాక్టర్లు నేరుగా మందు మాటే ఎత్తుతారు.

నా సంగతి అదే. 63 ఏళ్లప్పుడు మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు మీద జారి, చెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ఎముక సరిచేసి పిండికట్టు వేశారు, కట్టు విప్పాక వ్యాయామాలు చెప్పారు, అంతటితో పంపించేశారు. ఇంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందన్న ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేదు. ఇది నా ఒక్కదానికే జరిగిందనుకోకండి, చాలాచోట్ల ఇంతే. విరిగిన ఎముకను అతికించడం ఒకరి పని, అది ఎందుకు విరిగిందో చూడటం ఎవరి పనీ కాదన్నట్టు ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లే అడగాలి అంటాను.

తర్వాత థైరాయిడ్ కోసం వెళ్లిన ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) ఈ సంగతి విని స్కాన్ రాశారు. రిపోర్ట్ చూసి ఊరుకోలేదు. నన్ను చెప్పులు విప్పించి గోడకు మడమలు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచారు. నా పాత పాస్‌పోర్ట్ ఫారంలో రాసుకున్న ఎత్తు కంటే దాదాపు 5 సెంటీమీటర్లు తగ్గింది. వయసుతో కొంచెం తగ్గడం మామూలే కానీ 4 సెంటీమీటర్లు దాటితే వెన్నుపూస నొక్కుకుపోయిందేమో చూడాలట. పక్కనుంచి వెన్నెముక ఎక్స్‌రే తీయించారు. పక్కటెముకలు ముగిసేచోట ఒక పూస ముందువైపు నలిగి, పెట్టెలా ఉండాల్సింది వాలుగా కనిపించింది. నాకు నడుం నొప్పి వచ్చిపోతూ ఉండేది తప్ప ఎముక విరిగిందన్న ఊహే లేదు. వెన్నుపూస విరుగుళ్లలో సుమారు మూడింట రెండు వంతులు ఇలాగే ఎవరికీ తెలియకుండా జరిగిపోతాయి. మీ అమ్మగారి ఎత్తు ఇంట్లోనే కొలవొచ్చు, పాత కాగితాల్లో ఎక్కడో ఒకచోట పాత ఎత్తు దొరుకుతుంది. తేడా ఎక్కువగా ఉంటే ఆ ఎక్స్‌రే అడగండి.

ఇక టి-స్కోర్ అంటే ఏమిటో కొంచెం. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు ఎముక సాంద్రతతో పోలిస్తే మీ ఎముక ఎంత దిగువన ఉందో అది చెబుతుంది. మైనస్ 2.5 దగ్గర గీత గీసింది ప్రపంచ ఆరోగ్య సంస్థ, 1994లో. ఆ గీత దగ్గర గానీ ఇంకా కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఆస్టియోపీనియా. జబ్బుకు పేరు పెట్టడానికి ఆ గీత పనికొస్తుంది. కానీ మైనస్ 2.4 వచ్చిన మనిషి ఎముకకూ మైనస్ 2.6 వచ్చిన మనిషి ఎముకకూ పెద్ద తేడా ఏముంటుంది? పైగా విరిగే ఎముకల్లో చాలావరకు ఆస్టియోపీనియా వర్గంలో ఉన్నవాళ్లవే, ఎందుకంటే ఆ వర్గంలో మనుషులే ఎక్కువ. కాబట్టి "ఇంకా ఆస్టియోపోరోసిస్ కాదు" అన్న మొదటి డాక్టర్ మాట నిజమే, కానీ అంతటితో ప్రశ్న తీరలేదు.

నడుము స్కోరు మెరుగ్గా ఉందని సంబరపడకండి. ఈ వయసులో నడుము పూసల అంచుల్లో అరుగుదల వల్ల అదనపు ఎముక పేరుకుంటుంది, యంత్రం దాన్ని కూడా కలిపి లెక్కేసి సాంద్రత ఎక్కువ చూపిస్తుంది. నలిగిన పూస కూడా అంతే, దట్టంగా కనిపిస్తుంది. నా నడుము స్కోరు కూడా తుంటి కంటే బాగానే వచ్చింది, విరిగిన పూస ఉన్నది అక్కడికి కాస్త పైనే!

అసలు పని ఫ్రాక్స్ అనే లెక్కతో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు 2008లో బయటికి తెచ్చారు, నెట్‌లో ఉచితంగా ఉంది. ముందు దేశం ఎంచుకోవాలి, ఎందుకంటే ఒక్కో దేశంలో ఎముకలు విరిగే తీరు ఒక్కోలా ఉంటుంది. తర్వాత వయసు, బరువు, ఎత్తు, ఇదివరకు ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, పొగ తాగుతారా, మద్యం ఎంత, స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలకు పైగా వాడారా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందా, ఎముకను దెబ్బతీసే ఇంకో జబ్బు ఏదైనా ఉందా అని అడుగుతుంది. చివర్లో తుంటి మెడ దగ్గరి (తొడ ఎముక పైన సన్నబడే చోటు) సాంద్రత. ఇవన్నీ ఇస్తే రాబోయే పదేళ్లలో వెన్నుపూస, తుంటి, మణికట్టు, భుజం, వీటిలో ఏదైనా విరిగే అవకాశం ఎంత, తుంటి విరిగే అవకాశం ఎంత అని రెండు శాతాలు చెబుతుంది.

ఆ శాతాన్ని ఇలా చదవండి. 18 అని వస్తే, అచ్చం అమ్మగారిలాంటి వంద మందిలో పదేళ్లలో 18 మందికి విరుగుతుంది, 82 మందికి విరగదు. అమెరికాలో ఆస్టియోపీనియా ఉన్నవాళ్లకు మొదటి అంకె 20 శాతం గానీ రెండోది 3 శాతం గానీ చేరితే మందు ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. బ్రిటన్‌లో వయసును బట్టి హద్దు మారుతుంది. ఎక్కడివాళ్లు అక్కడి హద్దు చూసుకోవాలి, అది మీ డాక్టర్‌నే అడగండి.

ఇప్పుడు చెల్లెలి సంగతి. తనకు 54. మా అమ్మానాన్నల్లో ఎవరికీ తుంటి విరగలేదు కనుక ఆ ప్రశ్నకు మా ఇద్దరి జవాబూ ఒకటే. తను ఇప్పటిదాకా ఏ ఎముకా విరగ్గొట్టుకోలేదు, స్టెరాయిడ్లు వాడలేదు, వెన్నెముక ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. స్కోరు నా కంటే తక్కువైనా తన లెక్క హద్దు కిందే ఆగింది. ఇందులో వయసుదే పెద్ద చెయ్యి: ఒకే టి-స్కోర్ ఉన్నా 54 ఏళ్ల మనిషికి, 80 ఏళ్ల మనిషికి ముప్పులో ఎంతో తేడా ఉంటుంది. అయినా తనను ఊరికే వదిలేయలేదు. విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించి వేరే కారణం ఏదీ లేదని చూశాకే "వ్యాయామం చెయ్యండి, కొన్నేళ్లకు అదే యంత్రం మీద మళ్లీ స్కాన్ చేయిద్దాం" అన్నారు. యంత్రం మారితే రెండు రిపోర్టులను పోల్చడం కుదరదు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంతమాత్రం తేడాకు మందు ఇస్తే ఏం పోయింది అనిపించొచ్చు. లెక్క వేసి చూడండి. తుంటి విరుగుళ్లను 40 శాతం తగ్గించే మందు అనుకుందాం. పదేళ్ల ముప్పు 1 శాతం ఉన్నవాళ్లు వెయ్యి మంది వాడితే నలుగురికి తప్పుతుంది. ముప్పు 10 శాతం ఉన్నవాళ్లు వెయ్యి మంది వాడితే 40 మందికి తప్పుతుంది. మందు అదే, దాని అరుదైన దుష్ప్రభావాలూ అవే. దవడ ఎముక దెబ్బతినడం, ఏళ్ల తరబడి వాడితే తొడ ఎముక అసాధారణంగా విరగడం లాంటివి అరుదే అయినా, లాభం తక్కువగా ఉన్నవాళ్లకు ఆ అరుదైన ముప్పు కూడా బరువే. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు మాత్రం ఆ భయంతో మందు మానేస్తే చాలా నష్టపోతారు. ఇది నేను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే దవడ గురించి ఎక్కడో చదివి మందు ఆపేసి, ఏడాది తిరక్కుండా తుంటి విరిగి మంచాన పడిన మనిషిని దగ్గరగా చూశాను.

ఫ్రాక్స్‌కూ లోపాలున్నాయి. ఒకసారి విరిగినా నాలుగుసార్లు విరిగినా దానికి ఒకటే "అవును". పోయిన నెల విరిగినా పదేళ్ల కిందట విరిగినా తేడా తెలియదు. స్టెరాయిడ్ ఎంత మోతాదు అని అడగదు. తరచూ కింద పడుతున్నారా అని కూడా అడగదు. పెద్దవయసులో వచ్చే షుగర్‌కు అందులో చోటే లేదు. ఆ షుగర్ ఉన్నవాళ్లకు స్కాన్ బాగానే ఉన్నా ఎముక విరుగుతుంది, అందుకే కొందరు డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ దగ్గర "అవును" పెట్టి లెక్కను సరిచేస్తారు. అమ్మగారికి షుగర్ ఉన్నా, పోయిన ఏడాదిలో ఒకటి రెండుసార్లు పడినా, వచ్చిన శాతం కంటే అసలు ముప్పు ఎక్కువని అనుకోవాలి. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిరగడం, చూపు మందగించడం, ఇవన్నీ డాక్టర్‌తో చెప్పండి. పడకుండా చూసుకోవడం కూడా వైద్యమే.

నాకు ఇచ్చింది జోలెడ్రోనిక్ యాసిడ్, ఏడాదికోసారి ఎక్కించే డ్రిప్. దాని మీద 2007లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మూడేళ్లలో వెన్నుపూస విరుగుళ్లు 70 శాతం, తుంటి విరుగుళ్లు 41 శాతం తగ్గాయి. ముందు విటమిన్ డి సరిచేసి, కిడ్నీ పరీక్ష చేసి, పళ్ల డాక్టర్‌కు చూపించుకుని రమ్మన్నారు. మొదటిసారి మర్నాడు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి తగ్గిపోయాయి, తర్వాతి సార్లు అంత ఇబ్బంది లేదు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర కూడా మంచిదే. కాకపోతే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. అమ్మగారికి ఛాతీలో మంట, మింగడంలో ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి. ముప్పు మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు టెరిపారటైడ్ లాంటి ఎముక కట్టే ఇంజెక్షన్లతో మొదలుపెడతారు.

రెండో డాక్టర్ ఏ మందు రాశారో కూడా చూడండి. అది ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అయితే, తేదీ తప్పకుండా వేయించగలరా అన్నది మొదలుపెట్టకముందే ఆలోచించుకోవాలి. మధ్యలో ఊరికే ఆపేస్తే పెరిగిన సాంద్రత త్వరగా పడిపోయి, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే దాని బదులు ఏం ఇస్తారో మొదటిరోజే అడిగి రాయించుకోండి.