గుణుపురంలో డ్యూటీకి ఎక్కబోయే అమ్మడికి

అమ్మడూ,

గుణుపురం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో! మనింట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. సంబరం వెనకే గుబులూ పట్టుకుంది. ఇంజెక్షనంటే అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. "మాత్రే కదా" అనుకునే చోటే నాకు భయం.

సరైన రోగి, మందు, మోతాదు, వేళ, ఇచ్చే మార్గం కాలేజీలో వల్లె వేయించే ఉంటారు. ఆ ఊళ్లో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. "లక్ష్మీ" అని పిలిస్తే ఇద్దరు పలుకుతారు. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించుకుని కేసు షీటు చూసుకో.

అసలు సంగతి ఇది. నా కొత్తలో, ఏ ఆసుపత్రో చెప్పను, పక్షవాతం వచ్చిన ఒక తాతకి రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి కడుపులోకి పోయే గొట్టం, వేశారు. బీపీకి నిఫెడిపిన్ రిటార్డ్ మాత్ర రాశారు. ట్యూబులో దిగాలి కదా అని ఒక సిస్టరు దాన్ని కల్వంలో మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, సిరంజితో పోసేసింది. గంటల తరబడి కొద్దికొద్దిగా కరగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగిపోయింది. కాసేపటికే తాతకి చెమటలు పట్టేశాయి. చెయ్యి పట్టుకుంటే నాడి అందడం లేదు. కాళ్ళు ఎత్తి పెట్టి, సెలైన్ ఎక్కించి, డాక్టరు మంచం దగ్గరే ఉండిపోయారు. తెల్లారేసరికి గండం గడిచింది. ఆ సిస్టరు చెడ్డది కాదమ్మా, పనిమంతురాలు. మందు పేరు పక్కనున్న "రిటార్డ్" అన్న ఆ ఒక్క మాట పట్టించుకోలేదు, అంతే.

అందుకే మాత్ర పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్, సీఆర్, రిటార్డ్, నెమ్మదిగా కరిగే మందని చెప్పే ఈ గుర్తుల్లో ఏది కనిపించినా నూరకు, నమలనివ్వకు. పేగులో కరగాలని పూత వేసిన పాంటోప్రజోల్ లాంటివీ అంతే. "మింగలేకపోతోంది, నూరి ఇచ్చెయ్యమ్మా" అని ఇంటివాళ్ళు బతిమాలుతారు. కరిగిపోకు. డాక్టర్ని అడిగి సిరప్పో వేరే మందో రాయించు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు వాళ్ళకిచ్చే హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ అసలు విప్పకు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకు. కడుపులో బిడ్డకి చేటు చేసే మందది, రేపు పిల్లల్ని కనాల్సినదానివి.

పసిపిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త. పారాసెటమాల్ డ్రాప్స్ సాధారణంగా 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటాయి, సిరప్ 5 మి.లీ.లో 125. సీసా మీద ఎంతుందో ప్రతిసారీ చదువు. డ్రాప్స్‌ని సిరప్ అనుకుని 5 మి.లీ. పట్టేస్తే 500 పోయినట్టే. ఇంటి చెంచాలు నమ్మకు, సిరంజితో కొలువు. విరేచనాల బిడ్డకి జింక్ 14 రోజులూ ఇవ్వాలని తల్లికి గట్టిగా చెప్పు, విరేచనాలు కట్టగానే మానేస్తారు.

మగతగా ఉన్నవాళ్ళ నోట్లో ఏదీ వెయ్యకు. పక్షవాతం వాళ్ళకి, మింగగలరని డాక్టరు చూసి చెప్పేదాకా మాత్ర వద్దు. మిగతావాళ్ళని లేపి కూర్చోబెట్టి, మింగేదాకా అక్కడే నిలబడు. బల్ల మీద పెట్టి వచ్చేస్తే దిండు కిందకి పోతుంది. సవరలో "మింగు" అనడం ఆయమ్మని అడిగి నేర్చుకో.

డాక్టరు రాత అర్థం కాకపోతే మళ్ళీ అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. నైట్ డ్యూటీకి ఖాళీ కడుపుతో పోకు. మొదటి జీతంతో నాకు చీర కొంటానన్నావట, ఆ డబ్బుతో ముందు మంచి చెప్పులు కొనుక్కో, వార్డులో నడక ఎక్కువ.

మీ పిన్ని
పర్లాకిమిడి