టీకా ఉచితం, మరి ఖర్చెవరిది?

ప్రశ్న: పీహెచ్‌సీలో పసిపిల్లలకు వేసే టీకాల డబ్బు ఎవరిస్తారు? విదేశీ సాయం ఆగితే టీకాలూ ఆగిపోతాయా?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఆగవు. 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమానికి మందు కొనేది కేంద్ర ఆరోగ్య శాఖే. రవాణా, సెషన్ల నిర్వహణ, ఆశాల పారితోషికం వంటివి జాతీయ ఆరోగ్య మిషన్ కింద వస్తాయి. మన రాష్ట్రాల్లో అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40.

బయటి సాయం ఎక్కువగా కొత్త టీకాను ప్రవేశపెట్టేటప్పుడు ఆసరా అవుతుంది. ఐదు జబ్బులకు ఒకటే టీకా అయిన పెంటావలెంట్ 2011 డిసెంబరులో గావి (పేద దేశాలకు టీకాల కోసం సాయపడే అంతర్జాతీయ సంస్థ) సాయంతోనే కేరళ, తమిళనాడులలో మొదలైంది. తర్వాత ఆ ఖర్చు మన ఖజానాకు మారింది. చిక్కంతా ఇలా మారే దగ్గరే. సాయం ఉన్నన్నాళ్లూ పద్దులో కనిపించని ఖర్చు, అది ఆగిన ఏడాది ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే గావి దేశాల వాటాను మెట్లు మెట్లుగా పెంచుతుంది. బాగా పేద దేశాలు డోసుకు 20 సెంట్లు పెట్టుకుంటే చాలు. ఆ పై మెట్టులోని దేశాల వాటా ఏటా 15 శాతం పెరుగుతుంది. దానికీ పై మెట్టుకు చేరిన దేశాలు కొన్నేళ్లలో పూర్తి ధరకు చేరాలి. నేపాల్ 2016లో టీకాలకు ప్రత్యేక చట్టం తెచ్చి, అందులోనే నిధి ఏర్పాటూ పెట్టింది. చట్టముంటే పద్దును ఎత్తేయడం కష్టం. అయినా డబ్బు వేళకు విడుదలవుతుందా అన్నది వేరే సంగతి.

ప్రశ్న: మా పీహెచ్‌సీ ఇండెంట్‌లో (టీకాలు కావాలని పంపే పత్రంలో) పిల్లల లెక్క కంటే డోసులు ఎక్కువ రాస్తున్నారు. అది దుబారా కాదా?
– సర్పంచ్, సూర్యాపేట జిల్లా

జవాబు: కాదండీ. ఏడాదికి 500 మంది పిల్లలున్నారనుకోండి. పెంటావలెంట్ తలా 3 డోసులు, అంటే 1,500. 10 శాతం వృథాకు 1.11తో (100ను 90తో భాగిస్తే వచ్చేది) హెచ్చిస్తే 1,665. పది డోసుల వయల్స్ (చిన్న సీసాలు) 167 కావాలి. నిల్వ కోసం 25 శాతం, అంటే 42 వయల్స్ అదనం. ఈ అదనం మొదటిసారికే. మరుసటి ఏడాది చేతిలో ఉన్న నిల్వ తీసేసి ఇండెంట్ పెట్టాలి. ఏటా మళ్లీ కలిపితే ఫ్రిజ్‌లో గడువు తీరిన వయల్స్ మిగులుతాయి. మీరు పట్టుకోవాల్సిన దుబారా అది.

క్షయకు వేసే బీసీజీకి 50 శాతం వృథా ఒప్పుకుంటారు కాబట్టి రెండుతో హెచ్చించాలి. 500 మందికి 1,000 డోసులు, 100 వయల్స్. బీసీజీ పొడిని ద్రావకంతో కలిపాక 4 గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాల్సిందే. సెషన్‌కు ఐదుగురే వస్తే ఐదు డోసులు పోతాయి. పెంటావలెంట్ అలా కాదు, సరిగా చల్లగా ఉంచితే తెరిచిన వయల్ 28 రోజుల వరకూ పనికొస్తుంది. పొదుపు పేరుతో బీసీజీ లెక్క కోస్తే ఏడాది చివర్లో స్టాకు ఉండదు. లేదా ‘పదిమంది వచ్చాక తెరుద్దాం’ అని తల్లులను తిప్పి పంపుతారు. పారేసిన ఐదు డోసుల కంటే తిరిగి రాని బిడ్డే పెద్ద నష్టం.

ప్రశ్న: బడ్జెట్‌లో డబ్బు ఉందంటారు, సెషన్లేమో వాయిదా పడతాయి. ఎందుకు?
– ఏఎన్ఎం, పార్వతీపురం

జవాబు: మంజూరు వేరు, చేతికందడం వేరు. కేంద్ర నిధి రాష్ట్ర ఖజానాలో పడాలి, దానికి రాష్ట్రం తన వాటా కలపాలి, పాత నిధిని ఖర్చు పెట్టామని చూపే వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి. వీటిలో ఏది ఆలస్యమైనా ఏప్రిల్, మే నెలల్లో చేతిలో పైసా ఉండదు. మందు ఫ్రిజ్‌లోనే ఉంటుంది, దాన్ని ఊరికి చేర్చే బండి కిరాయికి డబ్బుండదు. బడ్జెట్ పుస్తకంలో అంచనాల కాలమ్ చూసి మురిసిపోవద్దు, వాస్తవ వ్యయం కాలమ్ చూడండి.

ప్రశ్న: మా ఊరి దాతలు టీకాలకు విరాళం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– పంచాయతీ కార్యదర్శి, భీమవరం

జవాబు: మందుకు వద్దు. దాత ఇచ్చేది ఒక ఏడాది, బిడ్డలు పుట్టేది ఏటా. ఒక్కసారి పెట్టే ఖర్చుకైతే వైద్యాధికారిని అడగండి. స్టెబిలైజర్, ఎండకు నీడ, సెషన్ గదికి మరమ్మతు లాంటివి. ఇంట్లో వాడే ఫ్రిజ్ మాత్రం కొనివ్వకండి. తలుపు తీసిన ప్రతిసారీ చల్లదనం బయటికి పోతుంది, ఫ్రీజర్ పక్కన పెట్టిన పెంటావలెంట్ గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. టీకాలకు వాడేది పైనుంచి తెరిచే ఐఎల్ఆర్ (గోడల్లో మంచు పొర ఉండే ఫ్రిజ్), 2 నుంచి 8 డిగ్రీల మధ్య.