బస్సులు తగ్గాయా, తగ్గించారా?

సందేహం: రిటైరయ్యాక నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఆర్టీసీ సిటీ బస్సుల మీద వచ్చే నివేదికలు, ప్రకటనలు, పత్రికల్లో వాటి మీద వచ్చే వార్తలు వరసగా చదివి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. చదివేకొద్దీ లెక్కల కంటే భాష దగ్గరే ఎక్కువ ఆగిపోతున్నాను. ఒకచోట 'బస్సులు', ఇంకోచోట 'సర్వీసులు' అంటారు, రెండూ ఒకటేనా? 'ఇన్ని కోట్ల మంది మహిళలు ఉచితంగా ప్రయాణించారు' అని రాయడం సరైనదేనా? ఆక్యుపెన్సీ 100 శాతం దాటిందంటారు, నిండినదాని కంటే ఎక్కువ ఎలా నిండుతుంది? 'ట్రిప్పులు తగ్గాయి' అన్నా 'తగ్గించారు' అన్నా ఒకటేనని మా అబ్బాయి వాదన, నాకెందుకో ఒకటి కాదనిపిస్తుంది. ఇంకొక్కటి, ప్రయాణికుడా, ప్రయాణీకుడా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ చివరి ప్రశ్న ఒక్క ముక్కలో తేలిపోతుంది కాబట్టి దాన్ని ముందు చెప్పేస్తాను. ప్రయాణికుడే. ధనం ఉన్నవాడు ధనికుడు, రసం తెలిసినవాడు రసికుడు అయినట్టే ప్రయాణం చేసేవాడు ప్రయాణికుడు, 'ణి'కి దీర్ఘం రావడానికి ఏ కారణమూ లేదు. బస్సుల మీద, బస్టాండు బోర్డుల మీద 'ప్రయాణీకులకు విజ్ఞప్తి' అని చూసి చూసి మన కళ్లకు అదే అలవాటైంది, అంతే.

ఇక బస్సు, సర్వీసు. ఇవి ఒకటి కావు, కానీ వీటిని కలిపేసింది నివేదికలు రాసేవాళ్లు మాత్రమే కాదు, మనం కూడా. ఊళ్లో 'ఏడింటి సర్వీసు వెళ్లిపోయిందా?' అని అడుగుతాం, అప్పుడు మన మనసులో ఉన్నది ఇనుప బండి కాదు, ఆ వేళకు ఆ దారిన వెళ్లే ఏర్పాటు. బండి పాడైపోయి డిపో వాళ్లు ఇంకో బండి పంపినా అది ఏడింటి సర్వీసే. బస్సు అంటే వస్తువు, దాన్ని లెక్కపెట్టవచ్చు, తుక్కుకు అమ్మవచ్చు. సర్వీసు అంటే ఒక దారి, ఒక వేళ. ట్రిప్పు అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి వెళ్లడం. డిపోల్లో ఇంకో మాట ఉంది, షెడ్యూలు, అంటే ఒక బస్సు ఒక రోజులో చేయాల్సిన మొత్తం పని. ఒక డిపోలో 100 బస్సులున్నాయనుకోండి, వాటిలో కొన్ని రిపేరులో, కొన్ని స్పేరులో ఉండి 95 రోడ్డెక్కితే, ఒక్కోటి పది ట్రిప్పులు తిరిగితే 950 ట్రిప్పులవుతాయి. ఇప్పుడు ఆ డిపో గురించి '100 బస్సులు' అన్నా నిజమే, '95 షెడ్యూళ్లు' అన్నా నిజమే, '950 ట్రిప్పులు' అన్నా నిజమే. వాటిలో ఏదో ఒకదాన్ని తీసుకుని 'సర్వీసులు' అని రాసేస్తే మాత్రం చదివేవాడికి ఏదీ తెలియదు. మీ నోట్‌బుక్కులో ఆ మాట వచ్చినప్పుడల్లా పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి, పోయిన ఏడాది సర్వీసులను ఈ ఏడాది సర్వీసులతో పోల్చేముందు రెండు చోట్లా అది ఒకే అర్థంలో వాడారో లేదో చూడండి. పైగా ఈ మాటకు మనం ఇంకా రెండు పనులు అప్పజెప్పాం. ఉద్యోగి 'ఇరవయ్యేళ్ల సర్వీసు' అంటాడు, బండిని 'సర్వీసింగ్‌కి ఇచ్చాను' అంటాం. 'బస్సు సర్వీసులో ఉంది' అంటే రోడ్డు మీద ఉందని, 'సర్వీసింగ్‌లో ఉంది' అంటే షెడ్డులో ఉందని. చిన్న తేడాతో పూర్తిగా తిరగబడే మాటను నివేదికలో వాడేటప్పుడు జాగ్రత్త అవసరం.

తర్వాత 'మంది'. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టడానికి వేరే పద్ధతే ఉంది. రెండు బస్సులు అంటాం కానీ రెండు కండక్టర్లు అనం, ఇద్దరు కండక్టర్లు అంటాం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు అంటూ ఏడుగురి దాకా వెళ్లి, ఎనిమిది దగ్గర నుంచి 'మంది' చేర్చుకుంటాం. తెలంగాణలో అయితే 'మంది' అంటేనే జనం, 'బస్సుల మస్తు మంది ఉన్నరు' అంటే చాలు. అంటే ఈ మాట పక్కన అంకె పెట్టామంటే విడివిడిగా అంతమంది మనుషులు ఉన్నారని అర్థం, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టడానికి ఈ మాట ఒప్పుకోదు.

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. 2025 జులై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు (డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్లు) ఇచ్చామని చెప్పి వేడుక చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఆడా మగా అందరూ కలిస్తే సుమారు 3.5 కోట్లు. కాబట్టి '200 కోట్ల టికెట్లు' అన్నది అర్థవంతమైన మాట, '200 కోట్ల ప్రయాణాలు' అన్నా బాగానే ఉంటుంది, 'మహిళలు 200 కోట్ల సార్లు బస్సెక్కారు' అంటే ఇంకా బాగుంటుంది, అది చెవికి తెలుగులా వినిపిస్తుంది. '200 కోట్ల మంది' అంటే మాత్రం అబద్ధం, రాసేవాళ్లకు అబద్ధమాడే ఉద్దేశం ఏ కోశానా లేకపోయినా సరే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇలాంటి ఉచిత ప్రయాణ పథకమే స్త్రీశక్తి పేరుతో మొదలయ్యాక అక్కడి వార్తలకూ ఇదే వర్తిస్తుంది.

ఇది చాదస్తం అనుకోకండి. ఈసీఐఎల్ నుంచి సికింద్రాబాద్ వచ్చి, అక్కడ 10హెచ్ ఎక్కి కొండాపూర్‌లో ఇంటిపనికి వెళ్లే ఒక అమ్మను తలచుకోండి. పొద్దున రెండు టికెట్లు, సాయంత్రం రెండు, రోజుకు నాలుగు. కాగితం మీద ఆమె నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురు లేరు, ఉన్న ఒక్కతే నాలుగుసార్లు తోపులాటలో ఎక్కి దిగుతోంది. 'నాలుగు ప్రయాణాలు' అంటే ఆమె కష్టం కనబడుతుంది, 'నలుగురు' అంటే ఆమె కనబడకుండా పోతుంది. నాకు ముఖ్యం అనిపించేది అది. 'ఇన్ని లక్షల మందిని గమ్యస్థానాలకు చేరుస్తున్నాం' అనే వాక్యంలోనూ ఇదే చిక్కు, ఆమెకు ఉదయం టికెట్లు రెండు, గమ్యం ఒకటి. (గమ్యం అంటేనే చేరాల్సిన చోటు, మళ్లీ 'స్థానం' తగిలించనక్కర్లేదు.)

ఆక్యుపెన్సీ సంగతి. మీరు అడిగింది న్యాయమే, తెలుగులో నిండిన కుండ ఇంకా నిండదు, పొర్లుతుంది. కానీ ఆర్టీసీ వాళ్లు ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో) అనేది నిండటాన్ని కాదు, సీట్లతో పోల్చినప్పుడు ప్రయాణికులు ఎంత అన్నదాన్ని. ఒక చిన్న లెక్క వేద్దాం. 40 సీట్ల బస్సు, 20 కిలోమీటర్ల దారి. రానూపోనూ 40 కిలోమీటర్లు, 40 సీట్లు, అంటే 1600 సీటు కిలోమీటర్లు. పొద్దున వెళ్లేటప్పుడు చివరిదాకా 60 మంది ఉన్నారు, 1200. తిరిగి వచ్చేటప్పుడు 20 మందే ఉన్నారు, 400. కలిపితే 1600, సరిగ్గా 100 శాతం! కాగితం మీద అందరికీ ఒక్కో సీటు దొరికినట్టుంది, నిజానికి పొద్దున ఇరవై మంది నిలబడి వెళ్లారు, తిరుగు ట్రిప్పులో సగం సీట్లు ఖాళీ. రెండు వైపులా జనం నిలబడితే 100 దాటుతుంది. అందుకే 'నిండిన శాతం', 'భర్తీ శాతం' లాంటి అనువాదాలు నాకు నచ్చవు, అవి 100 దగ్గర ఆగిపోవాల్సిన మాటలు. 'వంద సీట్లకు 110 మంది' అని రాస్తే ఏ అనువాదమూ అక్కర్లేదు, పదో క్లాసు పిల్లకు కూడా బోధపడుతుంది, ఆ పదిమందీ నిలబడ్డారని విడిగా చెప్పనవసరం లేదు. ఓఆర్ 70 అని చదివి 'అయితే ఎప్పుడూ సీటు దొరుకుతుందన్నమాట' అనుకోకూడదు, అది రోజంతటి సగటు. ఎక్కేవాళ్లు పెరిగి బస్సులు అన్నే ఉంటే ఏమవుతుందో మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని.

అనువాదం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డిపో నుంచి మొదటి స్టాపు దాకా, రాత్రి ఆఖరి స్టాపు నుంచి డిపో దాకా ప్రయాణికులు లేకుండా తిరిగే దూరాన్ని డెడ్ కిలోమీటర్లు అంటారు. దాన్ని 'మృత కిలోమీటర్లు' చేయకండి. 'ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు' అనండి, లేదా డెడ్ కిలోమీటర్లు అనే ఉంచేయండి, డ్రైవర్లూ కండక్టర్లూ అనేది అదే. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి, అందులో దాపరికం ఏమీ లేదు.

ఇప్పుడు మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉన్న తగువు. ఈ విషయంలో నేను మీ పక్షం, ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగులో బస్సు చుట్టూ తిరిగే క్రియలు దాదాపు అన్నీ జంటలే. ఆగు–ఆపు, నడుచు–నడుపు, తిరుగు–తిప్పు, ఎక్కు–ఎక్కించు, దిగు–దింపు, మారు–మార్చు, పెరుగు–పెంచు, తగ్గు–తగ్గించు. జంటలో మొదటిది దానంతటదే జరిగే పని, వ్యాకరణంలో అకర్మకం. రెండోది ఎవరో చేసే పని, సకర్మకం. ఈ తేడా మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. బస్టాపులో నిలబడి 'ఇది మెట్టుగూడలో ఆగుతుందా?' అని అడుగుతాం, అప్పుడు మనం అడిగేది రూటు గురించి, నియమం గురించి. అదే లోపల కూర్చున్నాక మూల మలుపులో దిగాల్సి వస్తే 'ఇక్కడ కాస్త ఆపుతారా అన్నా?' అంటాం, 'ఆగుతుందా' అనం, ఎందుకంటే అప్పుడు అడుగుతున్నది ఒక మనిషిని, ఆయన చేతిలో ఉన్న పనిని.

నివేదికలో ఈ జంటల్లో ఏది వాడారన్నది చూడండి. మంచి జరిగిన చోట సాధారణంగా రెండోది ఉంటుంది, ట్రిప్పులు పెంచాం, కొత్త బస్సులు నడుపుతున్నాం, స్టాపులు మార్చాం. ఇబ్బంది ఉన్న చోట మొదటిది వస్తుంది, ట్రిప్పులు తగ్గాయి, సర్వీసులు రద్దయ్యాయి, కొన్ని రూట్లు ఆగిపోయాయి. ఇది ఒక్క బస్సుల సంస్థకే ఉన్న అలవాటు కాదు, ఏ ఆఫీసు కాగితం తీసినా ఇంతే, మన ఇంట్లో పిల్లవాడు కూడా 'గ్లాసు పగిలిపోయింది' అంటాడు కానీ 'పగలగొట్టాను' అనడు. కానీ ఆకులు రాలినట్టు ట్రిప్పులు వాటంతటవే తగ్గవు. పాత బస్సులు తుక్కుకు పోయి వాటి చోట కొత్తవి రాకపోతే తగ్గుతాయి, డ్రైవర్లు రిటైరై ఆ ఖాళీలు నింపకపోతే తగ్గుతాయి, ఆ రూటులో రాబడి లేదని ఒకరు నిర్ణయం తీసుకుంటే తగ్గుతాయి. వీటిలో ఏది జరిగినా 'తగ్గించారు' అనాలి, లేదా 'ఫలానా కారణం వల్ల తగ్గాయి' అని కారణమైనా ఉండాలి.

అలాగని 'తగ్గాయి', 'ఆగింది' అన్న ప్రతిచోటా ఎవరో తప్పించుకుంటున్నారని అనుకోకండి. వానకు రోడ్డు మునిగి బస్సు ఆగితే అది ఆగడమే, ఎవరూ ఆపలేదు. రేడియేటర్ పొగలు కక్కి నడిరోడ్డు మీద నిలిచిపోయిన బస్సు గురించి డ్రైవరు 'ఆపేశాను' అనాల్సిన పని లేదు. అకర్మక క్రియ ఉన్నదే అలాంటి వాటికోసం. నా అభ్యంతరమల్లా ఈ రెండు రకాలనీ ఒకే 'రద్దయ్యాయి' కింద వేసేయడం మీద. లండన్ నగర రవాణా సంస్థ బస్సుల లెక్కల్లో ఒక మంచి పద్ధతి ఉంది, నడపాల్సిన దూరంలో నడవనిది ఎంతో చెప్పి, అందులో సిబ్బంది లేక పోయింది ఎంత, బండి పాడై పోయింది ఎంత, ట్రాఫిక్ వల్ల పోయింది ఎంత అని విడదీస్తారు. ప్రయాణికుడు అనుకున్నదాని కంటే ఎంతసేపు ఎక్కువ ఎదురుచూశాడన్నదీ లెక్కకడతారు. 'ఎదురుచూడటం' అనే క్రియకు కర్త ప్రయాణికుడే, ఆ ఒక్క మాట నివేదికలోకి వస్తే స్టాపులో నిలబడ్డ మనిషి కూడా వాక్యంలోకి వస్తాడు.

'రద్దు చేయబడినవి' అనే రాతను మాత్రం ఎక్కడ చూసినా కొట్టేయమంటాను. ఎవరు చేశారో చెప్పడం ఇష్టం లేకపోయినా తెలుగులో ఈ 'బడు' అవసరం లేదు, 'రద్దు చేశారు' అంటే చాలు, చేసినవాళ్లు ఎవరో మనుషులున్నారని ఆ 'రు' చెప్పేస్తుంది. 'రూట్ల హేతుబద్ధీకరణ' కూడా అలాంటిదే. ఆ మాట చదివితే బస్సు వస్తుందో పోతుందో తెలియదు. 'మూడు రూట్లు తీసేసి రెండు కొత్తవి వేశారు' అంటే తెలుస్తుంది.

చివరగా మీ నోట్‌బుక్కుకు ఒక సాయం. పాత ఏళ్లవి తిరగేసేటప్పుడు పేర్లతో తికమక పడకండి, 2024లో టీఎస్ఆర్టీసీ పేరు టీజీఎస్ఆర్టీసీ అయింది. అంతకు ముందున్న ఏపీఎస్ఆర్టీసీ 1958లో ఏర్పడింది, నిజాం రోజుల్లో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ దానికీ ముందుది. జనం నోట్లో అది ఎప్పటి నుంచో 'ఆర్టీసీ'యే, మీరూ అలాగే రాసుకోవచ్చు. అంకెల పక్కన ఇంకో గడి గీసి అందులో ఆ వాక్యంలోని క్రియ ఒక్కటే రాయండి, పెంచారు, తగ్గాయి, నడిపారు, ఆగాయి, అలా. ఒక ఏడాది రాశాక ఆ గడి ఒక్కటే పై నుంచి కిందకు మీ అబ్బాయితో చదివించండి. వీలైతే ఆ పేజీ నాకూ పంపండి, ఇక్కడే వేస్తాను.