ప్లాటు సంగతి తరువాత, ముందు జూన్ నెల ఫీజులు

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. వరంగల్ కాశీబుగ్గలో సొంత ఇల్లు. నేను జిన్నింగ్ మిల్లులో అకౌంటెంటుని, నా భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరిదీ కలిపి నెలకు 78,000 చేతికి వస్తుంది. ఇంటి ఖర్చు 46,000, చిట్టీ 10,000. కాగితం మీద 22,000 మిగలాలి, ఏ నెలా మిగలడం లేదు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిట్టీ 5 లక్షలది, 50 నెలలు. 14 నెలలు కట్టాను, ఇప్పుడు పాడితే 3.6 లక్షలు వస్తాయి. మామునూరు దగ్గర 200 గజాల ప్లాటు 17.5 లక్షలకు ఉందని, విమానాశ్రయం వస్తే ధర రెట్టింపు అవుతుందని మా బావమరిది చెబుతున్నాడు. ఎఫ్‌డీ, చిట్టీ డబ్బు పెట్టి, మిగతా 10 లక్షలు లోను తీసుకుని కొనవచ్చా?

జవాబు: వద్దు, కనీసం ఇప్పుడు వద్దు. ప్లాటు మంచిదా కాదా అన్నదాకా వెళ్లనవసరం లేదు. మీరు మిగులు అనుకుంటున్న 22,000 అసలు మిగులే కాదు.

ఉత్తరం చివర ‘అప్పుడప్పుడు వచ్చేవి’ అని మీరు రాసిన ఖర్చులనే నేను ముందు చూశాను. జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు 1,15,000. బతుకమ్మకు, దసరాకు బట్టలు, ఇంటికొచ్చే ఆడబిడ్డల మర్యాదలు 25,000. ఏడాదికి సరిపడా బియ్యం, మిర్చి, చింతపండు, ఆవకాయ సరంజామా 18,000. ఇంటి పన్ను, బండి ఇన్సూరెన్సు, పాత పాలసీ ప్రీమియం 14,000. పెళ్లిళ్ల చదివింపులు, గృహప్రవేశాలు 30,000. రెండేళ్లకోసారి మేడారం జాతరకు 16,000, అంటే ఏడాదికి 8,000. అన్నీ కలిపితే 2,10,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 17,500. మిల్లులో రూపాయి తేడా వచ్చినా రాత్రిదాకా కూర్చుని పట్టుకునే మనిషి, ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉంటూ ఏటా కొనే మిర్చిని ఇంటి పద్దులో రాయకపోవడం విచిత్రంగానే ఉంది. కానీ ఈ పొరపాటు దాదాపు అన్ని ఇళ్లలోనూ చూస్తుంటాను. నెల నెలా రానిది ఖర్చే కాదనిపిస్తుంది. దసరా ఎప్పుడొస్తుందో క్యాలెండరులో ఉన్నా, డబ్బు విషయానికి వచ్చేసరికి ప్రతి ఏడూ అనుకోకుండా వచ్చినట్టే ఉంటుంది.

22,000లో 17,500 పోతే మీకు నిజంగా మిగిలేది 4,500. పదేళ్లకు 9.5 శాతం వడ్డీతో 10 లక్షల లోనుకు ఈఎంఐ సుమారు 12,900. నెలకు 8,400 తక్కువ పడుతుంది. రిజిస్ట్రేషనుకు అయ్యే 7.5 శాతం మీ లెక్కలో లేనే లేదు. ఎఫ్‌డీ కూడా ఖాళీ అయ్యాక ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే బంగారం తాకట్టు పెట్టాల్సిందే.

అందుకే ముందుగా వేరే బ్యాంకులో, ఇద్దరి పేరున ఒక ఖాతా తెరవండి. జీతం పడిన రోజే 17,500 అందులోకి వెళ్లిపోవాలి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోనులో యూపీఐకి కలపకండి. జూన్ ఫీజులు, దసరా, జాతర అన్నీ అందులోంచే. మొదటి ఏడాది ఏదో ఒక నెలలో లోటు పడుతుంది, అది సహజం. అప్పుడు ఎఫ్‌డీ నుంచి తీసుకోండి, తరువాత తిరిగి వేయండి.

ఇక చిట్టీ. చిట్టీలు మంచివి కావని చెప్పే సలహాదారులతో నాకు పేచీ ఉంది. రిజిస్టరయిన కంపెనీలో, కట్టగలిగినంత మేరకు వేసే చిట్టీ మధ్యతరగతికి పనికొచ్చేదే. మీ లెక్కే చూడండి. ఇప్పుడు పాడితే 3.6 లక్షలు. చివరిదాకా ఆగితే 5 శాతం కమీషను పోను 4.75 లక్షలు. కట్టాల్సిన వాయిదాలు రెండు విధాలా అవే. అంటే 36 నెలల ముందు తీసుకున్నందుకు మీరు ఇచ్చే ధర ఏడాదికి సుమారు 9.7 శాతం. అప్పుగా చూస్తే ఇది చవకే. కానీ ఏ అవసరమూ లేకుండా పాడి, ఆ డబ్బును అంతకన్నా తక్కువ వడ్డీ వచ్చే బ్యాంకులో వేసుకుంటే నష్టం.

మీ అవసరం ఎప్పుడన్నది తెలుస్తూనే ఉంది. వచ్చే ఏడాది అమ్మాయి బీటెక్‌లో చేరితే ఫీజు ఇప్పటికన్నా ఏడాదికి 50,000 పెరుగుతుందని అనుకుందాం. ఎఫ్‌డీలో 3 లక్షలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చుకు కొంచెం పైన, కదపకండి. మిగిలిన లక్ష మొదటి రెండేళ్ల అదనపు ఫీజుకు సరిపోతుంది. మూడో ఏడాదికి చిట్టీ చేతికి వస్తుంది. హైదరాబాదులో సీటు వచ్చి హాస్టలు ఖర్చు తోడైతే అప్పుడు ముందే పాడుకోండి, తప్పులేదు.

ఆ 4,500 బీమాకే పోతుంది. నలుగురికీ కలిపి ఆరోగ్య బీమా, మీ పేరున 60 ఏళ్లదాకా టర్మ్ పాలసీ (ఆ లోపు మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చేది) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. మీ శ్రీమతి నగల దుకాణంలో కడుతున్న 11 నెలల స్కీము ఇంటి ఖర్చులోనే ఉందని రాశారు. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల బీమా దానికి లేదు. ఈసారి గడువు ముగిశాక మళ్లీ కట్టాలా అన్నది ఇద్దరూ మాట్లాడుకోండి.

మీరు ప్రస్తావించనిది ఒకటుంది, మీ 60 ఏళ్ల తరువాతి జీవితం. పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) ఖాతా ఇప్పుడే తెరవండి, ఏడాదికి 500 వేసినా చాలు. పదిహేనేళ్ల గడువు ఈ ఏడాది నుంచే మొదలవుతుంది. చిట్టీ ముగిశాక ఆ 10,000ను నెల నెలా 5వ తేదీలోపు అందులో వేస్తే, ఇప్పటి 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటే పన్నెండేళ్లకు 22 లక్షలు దాటుతుంది. అది సరిపోదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే మీ 46,000 ఖర్చు పన్నెండేళ్లలో 92,000 అవుతుంది. కాబట్టి ఆ 10,000లో సగాన్ని నిఫ్టీ ఇండెక్స్ ఫండులో (పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించే ఫండు) సిప్‌గా, అంటే నెల నెలా కొంత చొప్పున, పెట్టండి. అమ్మాయి చదువు పూర్తయ్యాక మిగిలే ఫీజు డబ్బును కూడా ఇటే మళ్లించండి. మధ్యలో మార్కెట్ పడితే ఆపకండి.

మీ బావమరిది మాటలో అబద్ధం లేదు. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కానీ ఆ వార్త ప్లాటు అమ్మేవాడూ చదివే ఉంటాడు, గజం 8,750 అన్న ధరలో అది ఇప్పటికే ఉంది. చిట్టీ ముగిశాక కూడా మీ మనసు అటే ఉంటే, బయానా ఇవ్వకముందే ఆ లేఅవుటుకు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో చూడండి, ఈసీ (ఆ స్థలం మీద తాకట్టులు, పాత అమ్మకాలు చూపే పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) వకీలుకు చూపించండి. అవి చూపించడానికి అమ్మేవాళ్లు తటపటాయిస్తే బావమరిదికి ఆ సంగతే చెప్పండి.